రిసరెక్టింగ్ ద చాంప్ (2007): రివ్యూలు ఎందుకు చీలిపోయినయ్? తెలిసినోళ్లు చెప్పున్రి

ఓరుగల్లు_ఫిల్మ్‌క్లబ్
హన్మకొండల మా క్లబ్ తరఫున వచ్చే నెల 'రిసరెక్టింగ్ ద చాంప్' వేస్తున్నం. రోడ్డు మీద బతికే ఒక ముసలాయన నేను పాత బాక్సర్‌ను అంటె, నమ్మి రాసిన రిపోర్టర్ కథ అది. చూసేటోళ్లకు ముందే పంచనీకి ఒక పేజీ నోట్ తయారు చెయ్యాలె. మూడు సంగతులు కావాలె. ఒకటి, విమర్శకులు కొందరు మెచ్చుకొని, కొందరు పెదవి విరిచిన్రు కద, ఎందుకు? రెండు, అందుల బాక్సింగ్‌ను ఎట్ల చూడాలె? మూడు, తెలుగు సబ్‌టైటిల్ ఫైల్ ఒకటి దొరికింది గని మాటల కంటె ముందే వస్తున్నది. మొదట్ల కొంచెమే తేడా, సినిమా అయిపోయేసరికి నిమిషాల తేడా.

కాజీపేట_జంక్షన్
మొదటిదానికి నేను చెప్త. ఆ ముసలాయనగ, అంటె చాంప్‌గ చేసిన శామ్యూల్ జాక్సన్ నటన మీద రివ్యూలల్ల పెద్దగ తగువు లేదు. నెరిసిన జుట్టు, సన్నగ గీరుకుపోయిన గొంతు. ఉరిమే పాత్రలకు పేరుపడ్డ మనిషి ఇందుల తగ్గి చేసిండు, అది చానమందికి నచ్చింది. ఎడిటర్‌గ అలన్ ఆల్డా ఉన్న సీన్లు కూడ బలం.

తగువంత జాష్ హార్ట్‌నెట్ దగ్గర మొదలైతది. రిపోర్టర్ ఎరిక్ పాత్ర చప్పగ రాసుకున్నదా, నటుడే చప్పగ చేసిండా అన్న కాడ చీలిపోయిన్రు. రెండో దెబ్బ తండ్రీకొడుకుల కథ. ఎరిక్ తండ్రి పేరుమోసిన రేడియో కామెంటేటర్. ఎరిక్ ఏమో తన కొడుకు ముందర పెద్దపెద్దోళ్లు నా దోస్తులని కోతలు కోస్తడు, ఫుట్‌బాల్ స్టార్ జాన్ ఎల్వే పేరు కూడ వాడుకుంటడు. అటు, ముసలాయన ఎవరి పేరు చెప్పుకుంటడో ఆ అసలు బాక్సర్ సాటర్‌ఫీల్డ్‌కు ఒక కొడుకు. ఒకే మాటను మూడు జంటలతోటి చెప్పించిన్రు. న్యూస్‌రూమ్‌ల ఉన్నంతసేపు సినిమా బిగువుగ ఉంటది, ఇంటికి పోంగనే సడలుతది. నా లెక్కల అసలు లోపం ఇదే.

నోట్‌ల ఇంకోటి రాయున్రి. డైరెక్టర్ రాడ్ లూరీ సినిమాలు తీయకముందు సినిమా విమర్శకుడే. పత్రికల లోపలి గుట్టు తెలిసిన మనిషి.

డెస్క్_నైట్‌షిఫ్ట్
మీరంత నటన, నటన అంటున్నరు. అసలు గాయం వేరే ఉన్నది, నోట్‌ల అది లేకపోతే ఆ నోటే దండుగ.

ఈ కథకు మూలం 1997ల లాస్ ఏంజెలెస్ టైమ్స్ మ్యాగజైన్‌ల జె.ఆర్. మోరింగర్ రాసిన వ్యాసం. కాలిఫోర్నియాల శాంటా ఆనా వీధులల్ల ఉండే ఒక ముసలాయన, నేను 1950ల నాటి హెవీవెయిట్ బాక్సర్ బాబ్ సాటర్‌ఫీల్డ్‌ను అంటడు. మోరింగర్ నమ్మిండు, గని నమ్మి ఊకోలేదు. తవ్వుకుంట పోతే అసలు సాటర్‌ఫీల్డ్ 1977లనే చనిపోయిండని తేలింది. ఈయన టామీ హారిసన్ అనే ఇంకో బాక్సర్. ఇదంత అచ్చుకు ముందే తేలింది. ఆ తవ్వుడే వ్యాసం. 1998ల పులిట్జర్ (అమెరికా పత్రికలోళ్లకిచ్చే పెద్ద అవార్డు) ఫైనల్ దాక పోయింది.

మరి సినిమాల ఏం చేసిన్రు? ఊరు డెన్వర్‌కు మార్చిన్రు, 'డెన్వర్ టైమ్స్' అని లేని పత్రిక పెట్టిన్రు, అక్కడి దాక సరే. గని రిపోర్టర్ సరిగ చూసుకోక అచ్చేస్తడు, పేరొస్తది, తర్వాత పరువు పోతది. పని సక్కగ చేసినోని వ్యాసం కొనుక్కొని, పని ఎగ్గొట్టినోని కథ తీసిన్రు! రివ్యూలు రాసేటోళ్లు కూడ పత్రికలోళ్లే కద. మూలం చదివినోళ్లకు ఇది గుచ్చుకోకుండ ఎట్లుంటది?

కాజీపేట_జంక్షన్
అన్నా, కోపం సరే. గని 2007ను యాది పెట్టుకోవాలె. 1998ల న్యూ రిపబ్లిక్‌ల స్టీఫెన్ గ్లాస్, 2003ల న్యూయార్క్ టైమ్స్‌ల జేసన్ బ్లెయిర్ కల్పించి రాసి దొరికిపోయిన్రు. దానికి ముందు 1981ల వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టర్ జానెట్ కుక్ గిట్లనే దొరికి పులిట్జర్ వాపస్ ఇచ్చింది. అప్పటి ప్రేక్షకునికి తప్పు రాసిన రిపోర్టర్ అంటె ఎంటనే ఎక్కుతది. అచ్చుకు ముందే తప్పు దొరికితే రెండో సగంల ఏం నడుస్తది? డ్రామా కోసం మార్చిన్రు.

డెస్క్_నైట్‌షిఫ్ట్
అదే తప్పంటున్న. బ్లెయిర్, గ్లాస్, కుక్ లేనిది పుట్టించినోళ్లు. ఎరిక్ మోసపోయినోడు. సినిమా ఈ రెంటినీ ఒక్క గాటన కట్టి, ఆఖరికి ఎరిక్ చేత ఒప్పుకోలు చెప్పిస్తది. మోసపోయిన రిపోర్టర్ చేసిన నేరం అబద్ధం కాదు, ఒక్క ఫోన్ తక్కువ చేసుడు. ఆ తేడా చెప్పని సినిమాను జర్నలిజం సినిమా అని ఎట్ల మెచ్చుకుంటరు?

రింగ్‌కార్నర్_నిజామాబాద్
రిపోర్టర్లు ఫోన్లు, కాయితాలు అంటరు. బాక్సింగ్ తెలిసినోడు పక్కన ఒక్కడుంటె ఈ కథే లేకపోవు. ఎవ్వరు బాక్సరో ఎవ్వరు కాదో నేను రెండు నిమిషాల షాడో (ఒంటిగ గాలిల గుద్దుకుంట చేసే ప్రాక్టీసు) చూసి చెప్త. ఏండ్ల తరబడి పోరగాండ్లను రింగ్‌ల దింపినోళ్లం మేము.

ఏం చూడాల్నో రాస్త, రాసుకోన్రి. జాబ్ (ముందు చేతి సీదా గుద్దు) వేసినంక చెయ్యి ఎటు వస్తదో చూడాలె. నేర్చినోనిది సీదా చెంప కాడికి వస్తది, నేర్వనోనిది నడుముకు జారుతది. వెనక కాలి మడమ నేలకు ఆనదు. పక్కకు జరిగేటప్పుడు ఎటు పోతే ఆ దిక్కు కాలే ముందు కదుల్తది, కాళ్లు ఎప్పుడూ కత్తెర పడయి. గడ్డం కిందికి, చూపు కనుబొమ్మల కింది నుంచి. డెబ్బై ఏండ్లొచ్చినా ఇవి పోవు. క్రాస్ (వెనక చేతి సీదా గుద్దు) వేసేటప్పుడు మొదలు వెనక పాదం, తర్వాత తుంటి తిరగాలె, ఆఖరికి భుజం. భుజం ఒక్కటే తిరిగిందంటె వాడు సినిమా బాక్సరే.

రెండో ప్రశ్నకు కూడ ఇదే జవాబు. జాక్సన్ చెయ్యి ఆడించిన ప్రతిసారి గుద్దును చూడకున్రి, ఆ చెయ్యి వాపస్ వచ్చుడు చూడున్రి.

డెస్క్_నైట్‌షిఫ్ట్
సార్, మీరు జెర మూలం చదివి మాట్లాడాలె. టామీ హారిసన్ కూడ అసలైన హెవీవెయిట్ బాక్సరే! ఎజార్డ్ చార్లెస్ అసుంటి వరల్డ్ చాంపియన్‌తోటి రింగ్‌ల దిగినోడు. మీ రెండు నిమిషాల షాడోల పాసై బయటికొస్తడు. మడమ చూసి బాక్సర్ అని చెప్పొచ్చు, ఏ బాక్సరో ఎట్ల చెప్తరు? మోసం అంత అక్కడనే ఉన్నది కద. ఆయనకు ఆట వచ్చు, పేరొక్కటే వేరేది.

రింగ్‌కార్నర్_నిజామాబాద్
మడమ ఒక్కటే అన్ననా? ఒక్కొక్కని స్టైల్ వేరు. సాటర్‌ఫీల్డ్ మోతగ గుద్దేటోడు, గని గడ్డం బలహీనం. ఇద్దర్ల ఒకరు పడుడే. 1946ల జేక్ లమోటా చేతిల నాకౌట్. 1954 జనవరిల అదే ఎజార్డ్ చార్లెస్ రెండో రౌండ్ల పడగొట్టిండు. అదే ఏడు క్లీవ్‌లాండ్ విలియమ్స్ అనే బాక్సర్‌ను సాటర్‌ఫీల్డ్ మూడో రౌండ్ల ఆపిండు. అట్ల కొట్టేటోడు బరువంత ముందు కాలు మీద ఏసి నిలబడ్తడు. చూపున్న కోచ్‌కు అది ఎరుకైతది.

డెస్క్_నైట్‌షిఫ్ట్
నలభై ఏండ్ల తర్వాత, రోడ్డు మీద పండుకునే ముసలాయన బరువు ఏ కాలు మీద ఏసిండో చూసి పేరు అచ్చేస్తరా? మీ అసుంటి ఒక 'నిపుణుని' మాట పట్టుకుంటె ఏ రిపోర్టరైనా మునుగుడే.

రింగ్‌కార్నర్_నిజామాబాద్
నోరు జెర అదుపుల పెట్టుకోన్రి. నిపుణుడు అని కొటేషన్ పెట్టి రాస్తున్నరు. మరి మీ పత్రికలోళ్లు బాక్సింగ్ వార్తలు ఎట్ల రాస్తరో నేను చెప్పన్నా? 2022 మేల ఇస్తాంబుల్‌ల మా నిఖత్ జరీన్ 52 కిలోల వరల్డ్ టైటిల్ గెలిచింది, ఫైనల్ల థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ మీద 5-0. దాన్ని '5-0 పాయింట్లతో' అని రాసినోళ్లున్నరు. అవి పాయింట్లా? ఐదుగురు జడ్జీలుంటరు. ఐదుగురూ ఆమెకే ఇచ్చిన్రని దాని అర్థం. ఒక్కొక్క జడ్జి రౌండుకు గెలిచినోళ్లకు 10, ఓడినోళ్లకు 9, బాగ వెనకబడితే 8 ఇస్తడు. మూడు రౌండ్లు కలిపితే 30-27 అని ఒక్కొక్క కార్డు వస్తది. 3-2 అంటె దగ్గరి ఆట, 5-0 అయినా ఒక్కొక్కపారి కార్డులన్నీ 29-28 ఉండొచ్చు. అప్పుడది ఏకపక్షం కాదు. ఇంత చిన్న సంగతి తెల్వకుండ 'పంచ్‌ల వర్షం' అని హెడ్డింగ్ పెడ్తరు.

మహమ్మద్ హుసాముద్దీన్ 2023ల తాష్కెంట్ వరల్డ్ పోటీలల్ల 57 కిలోల కాంస్యం తెచ్చిండు, మా నిజామాబాద్ పిల్లగాడే. ఏ రౌండ్ల ఏమైందో ఒక్క వార్తల రాసిన్రా?

సుబేదారి_లెక్చరర్
ఇద్దరూ ఒక్క మెట్టు దిగండి. మీ ఇద్దరి మాటల్లోనూ పాఠం ఉంది, దాన్ని తగాదాలో పోగొట్టకండి.

శరీరం చెప్పేది ఒకటి, కాగితం చెప్పేది మరొకటి, రెండూ కలిస్తేనే మనిషి ఎవరో తేలేది. ఇలాంటి వ్యక్తి ఎదురైతే విలేకరి చేయవలసిన వరుస ఇది. మొదట, ఆయన చెప్పుకునే పేరుగల మనిషి చనిపోయాడా అని చూడాలి. బతికున్నట్టు రుజువు వెతకడం కన్నా మరణ నమోదు వెతకడం తేలిక, కొన్నిసార్లు కథ అక్కడే ఆగిపోతుంది. తర్వాత కుటుంబం. భార్య, పిల్లలు, తోబుట్టువులలో ఒక్కరితోనైనా మాట్లాడకుండా అచ్చుకు పంపకూడదు. ఆ తర్వాత పాత ఫోటో: చెవి ఆకారం, ఎత్తు, మచ్చలు. ముఖం మారుతుంది, చెవి అంతగా మారదు. బాక్సర్ అయితే లైసెన్సు ఇచ్చిన సంస్థ దగ్గర ఫైలు, ప్రత్యర్థులు, వాళ్ల శిక్షకులు.

ప్రశ్నలు అడిగే తీరు కూడా ముఖ్యం. గెలుపుల గురించి అడగవద్దు, అవి పాత పత్రికల్లో ఎవరికైనా దొరుకుతాయి. ఓటముల గురించి, ఆ రాత్రి డ్రెస్సింగ్ రూములో ఎవరున్నారు, చేతికి కట్టు ఎవరు కట్టారు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని అడగాలి. అరువు పేరు మోసేవాడు అక్కడ తడబడతాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు బాక్సర్ల తలకు తగిలే దెబ్బల వల్ల వచ్చే మతిమరుపు, వణుకు, నడక తేడాల గురించి రాశాడు. అలాంటివాడు తప్పు చెబితే అది అబద్ధమా, జ్ఞాపకం చెదిరిందా అన్నది వేరే ప్రశ్న. సినిమాలో జాక్సన్ ఈ రెండింటి మధ్య ఎక్కడా తేలకుండా నిలబెట్టాడు. ఆయన నటన గొప్పతనం అక్కడుందని నా అభిప్రాయం.

డెస్క్_నైట్‌షిఫ్ట్
మేడం, మీ వరుస నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంట. మన దగ్గర దీనికి ఇంకోటి కలపాలె. పాత స్టేట్ చాంపియన్‌ను, నేషనల్స్ ఆడిన అని ఎవరన్న వస్తే పేపర్ కటింగ్ చూసి రాయొద్దు. స్పోర్ట్స్ కోటా (ఆటగాళ్లకు ఉద్యోగాలల్ల వాటా) ఫారాలు అడగాలె. ఫారం 1 అంతర్జాతీయ పోటీలకు, 2 జాతీయ పోటీలకు, 3 యూనివర్సిటీల నడుమ, 4 స్కూల్ నేషనల్స్. దాని మీద సంతకం చేసినోళ్లకు ఫోన్ కొట్టి ఏడాది, వెయిట్ కేటగిరీ అడిగితే ఐదు నిమిషాల పని. కేటగిరీ చెప్పలేనోడు ఆడలేదు.

రింగ్‌కార్నర్_నిజామాబాద్
ఆ ఆఖరు మాట కరెక్టు. బాక్సర్ పుట్టినరోజు మరుస్తడేమో గని తన వెయిట్ మరవడు.

కోర్టుచౌరస్తా_కరీంనగర్
అందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. సినిమాలో సాటర్‌ఫీల్డ్ కొడుకు పత్రిక మీద కేసు వేస్తానంటాడు, కథ బరువంతా దాని మీద పెట్టారు. చట్టం తెలిసినవాళ్లకు ఆ బెదిరింపు అంత గట్టిగా కనపడదు. అమెరికాలో సాధారణంగా చనిపోయినవాళ్ల పరువు నష్టానికి సివిల్ దావా నిలబడదు. రాసింది తన పరువునే తీసిందని కొడుకు చూపించాలి. అయితే డెన్వర్ ఉన్న కొలరాడోలో చనిపోయినవాళ్ల జ్ఞాపకాన్ని మసిచేయడాన్ని కూడా నేరంగా చూసే పాత క్రిమినల్ చట్టం అప్పటికి ఉంది, 2012లో రద్దు చేశారు. కానీ అది సర్కారు పెట్టే కేసు, కొడుకు డబ్బు కోసం వేసేది కాదు.

మన దగ్గర వేరు. భారతీయ న్యాయ సంహిత 356, పాత ఐపీసీ 499. రెండింటిలోనూ మొదటి వివరణ ఇదే: చనిపోయిన మనిషి మీద వేసిన నింద, బతికుంటే అతని పరువు తీసేదై, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో వేసినదైతే అది పరువు నష్టం. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి సమాజ సేవ కూడా చేరింది. 'ఉద్దేశం' అన్న మాట దగ్గరే చాలా కేసులు వీగిపోతాయి. సివిల్ దావాకైతే అచ్చయిన నాటి నుంచి ఒక్క ఏడాదే గడువు, అదీ బతికున్నవాళ్లకే. నోట్‌లో రెండు దేశాల చట్టం కలిపేయకండి.

డెస్క్_నైట్‌షిఫ్ట్
వకీలు గారూ, కేసు నిలవదు అన్నది మీ లెక్క. పత్రికకు భయం తీర్పు కాదు. బతికున్న బిచ్చగాడు మీ నాయన అని అచ్చేసి, ఆ నాయన పోయి ఏండ్లయిందని కొడుకు వచ్చి నిలబడితే, తెల్లారి ఆ పత్రికల ఏ వార్త ఎవరు నమ్ముతరు? ఆ సీన్‌ల చట్టం బలహీనమే కావొచ్చు, సిగ్గు మాత్రం నిజం.

కాజీపేట_జంక్షన్
దీన్ని నోట్‌ల పెట్టొచ్చు. సాటర్‌ఫీల్డ్ కొడుకు వచ్చిన కాడ సినిమా మల్ల లేస్తది. అక్కడ ఆగి ఉంటె రివ్యూలు ఇంకా బాగుండు. దాని మీద మల్ల ఎరిక్ పశ్చాత్తాపం, తన కొడుకుతోటి మాటలు. అనుకున్న పాఠం రెండుసార్లు చెప్పించుకునే సినిమా ఇది.

మూలం రాసిన మోరింగర్‌కు మాత్రం మంచే జరిగింది. 2000ల పులిట్జర్ గెలిచిండు. తర్వాత ఆండ్రీ అగస్సీ ఆత్మకథ, ప్రిన్స్ హ్యారీ ఆత్మకథ వెనకుండి రాసింది ఈయనే. ఇంకొకరి గొంతుతోటి రాసుడు ఆయనకు అబ్బింది, చాంప్ వ్యాసం చదివితే ఎందుకో ఎరుకైతది.

రింగ్‌కార్నర్_నిజామాబాద్
సినిమాకు వచ్చే పోరగాండ్లకు రింగ్ ముచ్చట కొంత చెప్పున్రి. ఇందుల ఆటలు ప్రొఫెషనల్, పది రౌండ్లవి. మనోళ్లు ఆడేది మూడు నిమిషాలవి మూడు రౌండ్లు. అప్పటి గ్లవ్‌లల్ల గుర్రపు వెంట్రుకలే నింపేది, ఆడుతుంటె కణుపుల కాడ పలచబడ్తయి, దెబ్బ సీదా ఎముకకే. ముసలి బాక్సర్ల చేతులు వంకర పోయేది అందుకే.

కట్టు కట్టుడు కూడ అడుగుతరు, రాస్త. పట్టీ నాలుగున్నర మీటర్లది, 180 అంగుళాలు అని ఉంటది. లూప్ బొటనవేలికి ఏసి చేతి వెనక నుంచి తేవాలె. మణికట్టుకు మూడు చుట్లు, కణుపులకు మూడు చుట్లు. మల్ల మణికట్టు నుంచి పోయి చిటికెన సందు, ఉంగరం వేలి సందు, చూపుడు వేలి సందు, ఒక్కోదాంట్ల ఒక్కసారి. బొటనవేలికి ఒక్క చుట్టు, ఆఖరుకు మిగిలింది మణికట్టుకే. కట్టేటప్పుడు వేళ్లు ఎడంగ చాపి ఉంచాలె. పిడికిలి బిగవట్టి కడితే తర్వాత వదులైతది, చాపి కడితే పిడికిలి పట్టంగనే బిగుస్తది. వేళ్ల కొసలు నీలం తిరిగితే మొత్తం ఇప్పి మల్ల కట్టాలె.

మంచిర్యాల_టెక్
మూడో ప్రశ్న ఎవ్వరూ ముట్టలేదు, నేను చెప్త.

మీ ఫైల్ సెకనుకు 25 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) ప్రింట్‌కు చేసినది. మీ సినిమా 23.976ది. అందుకే తేడా పెరుగుకుంట పోతుంది. దాదాపు 110 నిమిషాల సినిమాకు ఆఖర్ల సబ్‌టైటిల్ నాలుగున్నర నిమిషాలు ముందు పడ్తది. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌ల జీ, హెచ్ బటన్లు నొక్కితే లాభం లేదు, అవి మొత్తం ఫైల్‌ను ఒక్క తీరుగ జరుపుతయి అంతే. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం ఏసుకోన్రి. అందుల ఫ్రేమ్ రేట్ మార్చేది ఉంటది, 25 నుంచి 23.976 పెట్టున్రి. ఆ తర్వాత మొదటి డైలాగ్, ఆఖరి డైలాగ్ చూసి సరిపోల్చున్రి. అప్పటికీ అర సెకను తేడా ఉంటె అప్పుడు హెచ్, జీ వాడున్రి.

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలె, లేకుంటె తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తయి. ప్రొజెక్టర్‌కు పెట్టే ల్యాప్‌టాప్‌ల నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఏసి, వీఎల్‌సీ సెట్టింగులల్ల అదే ఎంచుకోన్రి, లేకుంటె ఒత్తులు విడిపోతయి.

ఓరుగల్లు_ఫిల్మ్‌క్లబ్
25 నుంచి 23.976 మార్చిన, ఆఖరి డైలాగ్ సరిగ్గ కూసున్నది. గని ఒత్తులు ఇంకా విడిపోతున్నయ్, ఫాంట్ ఏసిన కూడ.

మంచిర్యాల_టెక్
ఫాంట్ ఏసినంక వీఎల్‌సీ పూర్తిగ మూసి మల్ల తెరవాలె. అప్పటికీ విడిపోతే వీఎల్‌సీ పాత వెర్షన్ ఉన్నట్టు, 3 కంటె కింద ఉంటె తెలుగు సరిగ కలపదు. కొత్తది ఏసుకొని, హాల్ల ప్రొజెక్టర్ మీదనే ఒకసారి చూడున్రి. ల్యాప్‌టాప్ తెర మీద బాగ కనిపించిన సైజు ఆఖరి వరుసల కూసున్నోళ్లకు సరిపోదు.